కొలతల గది

బడులు తెరవడానికి యాభై రెండు రోజులున్నాయి. మూడు బడుల యూనిఫారాలు ఆ ఏడాది మా ఇంటికే వచ్చాయి. ఆరు వందల నలభై జతలు. నాన్న ఆ అంకెను కటింగ్ బల్ల పక్కన గోడ మీద సుద్దముక్కతో రాశాడు. నాయనమ్మ చూసి, అంకె చదువుతుంటేనే నడుం పట్టేస్తోంది, తుడిచెయ్యరా అంది. నాన్న తుడవలేదు. రోజూ సాయంత్రం, ఆ రోజు పూర్తయిన జతలు అందులోంచి తీసేసి కొత్త అంకె వేసేవాడు.

మా ఇల్లూ కొట్టూ ఒకటే. వీధి వైపు గదిలో కటింగ్ బల్ల ఉండేది. ఆ గది మూలన రెండు గోడల మధ్య ఇనప కడ్డీకి నీలం గుడ్డ వేలాడదీశాం. దాన్ని కొలతల గది అనేవాళ్లం గానీ, మనిషి నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేవి. పక్క గదిలో అమ్మ మిషను. దాని వెనక వంటిల్లు. నాయనమ్మ వీధి గుమ్మంలో పీట వేసుకుని బటన్లు కుట్టేది. ఎక్కడ కూర్చున్నా తలుపు వైపే మొహం పెట్టేది. తలుపుకి వీపు పెట్టి కూర్చోవాల్సి వస్తే అన్నం కూడా తినేది కాదు. మా ఇంటికి కుక్క అక్కర్లేదు, మా అమ్మ ఉంది అనేవాడు నాన్న. కుక్కకైతే రోజుకి ఒక్కపూటే పెట్టేవాడివి, నాకు రెండుపూటలా పెడుతున్నావు, నష్టం నీకేరా అని ఆవిడ జవాబు.

నాకప్పుడు పదమూడేళ్లు. కాజాలు కుట్టడం నా పని. చెల్లికి ఎనిమిది. అది పుట్టినప్పుడు చొక్కా గుండీ అంత ఉందని నాన్న అన్నాడట. ఆ పేరే నిలిచిపోయింది. గుండీ, అమ్మ మిషను బల్ల కింద కూర్చుని బటన్లను సైజుల వారీగా డబ్బాల్లో వేసేది. దాని నోరు మూతపడేది కాదు. మిషనుకీ దీని నోటికీ పోటీ పెడితే ముందు నూనె అయిపోయేది మిషనుకే అనేది నాయనమ్మ.

మాస్టరు గారు ప్రతి సీజనుకీ వచ్చేవారు. నాన్నకి పద్నాలుగో ఏట కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. నాన్న ఆయన్ని గురువుగారూ అని పిలిచేవాడు. ఆయన నిలబడి ఉంటే తను కూర్చునేవాడు కాదు. ఇరవై పొరల గుడ్డ పరిచి ఒకేసారి కోయడం మాకు తెలిసినవాళ్లలో ఆయనకే వచ్చు. పిల్లల కొలతలూ ఆయనే తీసేవారు. మధ్యాహ్నం మాతోనే తినేవారు. మాకు మాస్టరు తాతయ్య.

మా ఇంట్లో ఒక మాట ఉండేది. కొలతలకి వచ్చినవాళ్లు సిగ్గుపడితే నాన్న నవ్వి, టేపుకి మొహమాటం లేదండీ అనేవాడు. మిగతావాళ్లకి అది సరదా మాట. మేం మాత్రం దాన్ని నమ్మాం. టేపు పట్టుకున్న చెయ్యి మా లెక్కలో చెయ్యే కాదు.

సీజను మొదలైన వారానికి గుండీ కొలతలు ఇవ్వనంది.

ప్రతి ఏడాదీ మొదటి రెండు జతలూ మా ఇద్దరికే కోసేవారు. ఆ ఏడాది నాది అయింది. దానిది కాలేదు. పాతదే వేసుకుంటానంది. పాతది మోకాళ్ల పైకి వచ్చేసింది. అందరం నవ్వాం. దర్జీ ఇంట పుట్టి కొలతలకి ఏడవడం, చేప నీళ్లకి భయపడ్డట్టుందని నాన్న అన్నాడు. కొట్టుకి వచ్చినవాళ్లకి కూడా ఆ మాట చెప్పాం. వాళ్లూ నవ్వారు. మాస్టరు గారూ నవ్వారు.

మూడో రోజు అమ్మకి విసుగొచ్చింది. దీన్ని తీసుకెళ్లి నిలబెట్టవే, పని ఆగిపోతోంది అంది నాతో. నేను గుండీ చెయ్యి పట్టుకున్నాను. అది రెండో చేత్తో గుమ్మం పట్టుకుంది. నేను దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను. అయిదు వేళ్లు. తెర పక్కకి లాగి, దాన్ని లోపలికి తోసి, బయట నిలబడ్డాను. మాస్టరు గారు లోపల్నుంచి అంకెలు చెబుతుంటే చీటీ మీద రాశాను. భుజం పదకొండు. పొడుగు ఇరవై ఆరు. తర్వాత కాసేపు అంకెలు రాలేదు. టేపు జారిపోయిందేమో అనుకున్నాను. పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తర్వాత నడుము ఇరవై మూడు అన్నారు. రాశాను.

ఆ తర్వాత గుండీ గౌను మీద గౌను వేసుకోవడం మొదలుపెట్టింది, అదీ ఆ ఎండల్లో. స్నానానికి వెళ్తే గడియ పెట్టి, పడిందో లేదో మళ్లీ లాగి చూసుకునేది. పక్క తడపడం మానేసి నాలుగేళ్లయింది, అది మళ్లీ మొదలైంది. మాస్టరు గారు భోజనానికి కూర్చుంటే దానికి కడుపునొప్పి వచ్చేది. మేం ప్రతిదానికీ ఒక కారణం చెప్పుకున్నాం. గౌన్లకి గారాబం. పక్కకి, నీళ్లు ఎక్కువ తాగడం. కడుపునొప్పికి ఎండ. అది మాట్లాడటం తగ్గించింది. దానికీ కారణం దొరికింది, పెద్దదవుతోంది అనుకున్నాం. నాయనమ్మ ఒక్కతే, మిషనొక్కటే మోగుతోంది, ఇల్లు బావులేదు అంది. మేం వినిపించుకోలేదు. సీజను కదా.

ఇరవై మూడో రోజు, పొద్దున పదకొండు గంటలు. నేను అమ్మ పక్కన కూర్చుని కాజాలు కుడుతున్నాను. గుండీ బల్ల కింద ఉంది. ముందు గదిలో మాస్టరు గారి కత్తెర బల్లకి తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, గౌనుకి ఎన్ని కొలతలు కావాలి?" అంది గుండీ.

"ఏడు," అంది అమ్మ, కాలు ఆపకుండా.

"టేపు లేకుండా తీసేవి కూడా కలిపా?"

అమ్మ కాలు ఆగింది. సీజన్లో పని వేళ ఆ మిషను ఆగడం నాకు తెలీదు. చప్పుడు ఆగగానే బల్ల కింద బటన్ల చప్పుడు కూడా ఆగింది. అమ్మ నా వైపు చూసింది. తర్వాత సూదిలోంచి దారం లాగేసింది. కుడుతున్న చొక్కా తీసి ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. సూది కింద గుడ్డ లేదు. సూదిలో దారం లేదు. మిషను ఎప్పటిలాగే మోగింది. ముందు గదిలోకి మాట వినిపించదు. కిందనున్న దానికి, అమ్మ పని చేసుకుంటోందనే అనిపిస్తుంది.

"అవి కలపలేదు కన్నా. అవి నాకు తెలీదు. ఎలా తీస్తారో చెప్పు," అంది అమ్మ, కిందకి చూడకుండా.

గుండీ చెప్పింది. బటన్లు డబ్బాల్లో వేస్తూనే చెప్పింది. అది చెప్పిందంతా ఇక్కడ రాయను. అది దానిది, నాది కాదు. అమ్మ మధ్యలో అడ్డు రాలేదు. నిజమేనా అనలేదు, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదనీ అనలేదు. చెప్పకపోవడానికి కారణం గుండీయే చెప్పింది. చెబితే మాస్టరు తాతయ్య వెళ్లిపోతాడట. ఆయన వెళ్లిపోతే నాన్నకి అంత కటింగ్ రాదట. కొట్టు మూతపడుతుందట, అది గుండీ వల్లేనట. అందుకని యూనిఫారాలన్నీ అయ్యాక చెబుదామనుకుంది. రోజూ పొద్దున్నే గోడ మీద అంకె చూసుకుంటూ వచ్చింది. ఆ పొద్దున అంకె మూడు వందల డెబ్బై.

"ఇంకా చాలా ఉందమ్మా. అన్ని రోజులు నావల్ల కాలేదు," అంది.

అప్పుడు అమ్మ మిషను ఆపింది. దిగి బల్ల కిందకి వంగి, గుండీ ఎదురుగా నేల మీద కూర్చుంది. నువ్వు చెప్పావు, మంచి పని చేశావు అంది. తప్పు ఆయనది, నీది కాదు అంది. ఇంక ఆయన నీ దగ్గరికి రాడు అంది. ఈ మూడే. ఒళ్లోకి వస్తావా అని అడిగింది. గుండీ రానంది. సరే అంది అమ్మ, అక్కడే కూర్చుంది కాసేపు. చెల్లి దగ్గర ఉండు, తలుపు వేసుకోండి అని నాకు చెప్పి లేచింది.

అమ్మ నాన్నని వంటింట్లోకి పిలిచింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నేను వినలేదు. నాన్న బయటికి వచ్చి కటింగ్ బల్ల ముందు నిలబడటం తలుపు సందులోంచి చూశాను.

గురువుగారూ అన్నాడు, అలవాటుగా. ఆగాడు. కత్తెర అక్కడ పెట్టి వెళ్లిపొమ్మన్నాడు. ఏమైందని ఆయన అడిగాడు. నాన్న అదే మాట మళ్లీ అన్నాడు.

"పిల్లలు ఏవేవో చెబుతుంటారురా. అన్నీ పట్టించుకుంటామా?" అన్నాడాయన.

"పిల్లలు చెప్పారని నేను అనలేదే," అన్నాడు నాన్న.

ఆయన కత్తెర పెట్టేసి, కొక్కేనికున్న సంచి తీసుకున్నాడు. గుమ్మంలో నాయనమ్మ ఆయనకి దారివ్వడానికి పీట జరిపింది. అప్పటికి ఆవిడకేమీ తెలీదు. భోజనం చేసి వెళ్లకూడదా మాస్టరూ అంది. ఆ మాట అన్నందుకు ఆవిడ తర్వాత ఎన్నేళ్లు బాధపడిందో నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం వంటింట్లో పెద్దవాళ్లు ముగ్గురూ కూర్చున్నారు. నన్ను వెళ్లమనలేదు. నాన్న, వాడిని పంపించేశాను కదా అన్నాడు. ఇంక ఈ గడప తొక్కడు, ఇంతటితో వదిలేద్దాం, పిల్ల మాట నలుగురి నోళ్లలో పడటం నాకిష్టం లేదు అన్నాడు. బతుకులో నాన్నకి వచ్చిన ఒక్క పని ఆ మనిషి చేతి మీదుగా వచ్చింది.

"మన తెర దగ్గర్నుంచి పంపించారు. ఇంకో ఇంట్లో ఇంకో తెర ఉంటుంది," అంది అమ్మ. "ఈ సీజన్లోనే మూడు బడుల పిల్లలు దాని వెనక నిలబడ్డారు. ఒక్కొక్కళ్లనీ లోపలికి పంపింది మనమే అండీ."

నాయనమ్మ సూదిని చీర కుచ్చిళ్ల దగ్గర గుచ్చుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది. తనకి తొమ్మిదేళ్లప్పుడు వాళ్లింట్లో ఒక చుట్టం ఉండేవాడని చెప్పింది. వరుస చెప్పింది, పేరు చెప్పలేదు. వెళ్లి వాళ్లమ్మకి చెబితే చెంప పగలగొట్టిందట. మళ్లీ ఎవరికీ చెప్పలేదు, పెళ్లయ్యాక మొగుడికీ చెప్పలేదు. అరవై ఏళ్లుగా తలుపు చూస్తూ కూర్చున్నాను, తెరేమో నా వీపు వెనకే ఉంది అంది.

"ఇది చెబితే దీని అమ్మ నమ్మింది. ఇంకా ఏం ఆలోచిస్తున్నావురా? చొక్కా తొడుక్కో," అంది.

నాన్న లేచి చొక్కా తొడుక్కున్నాడు. బటన్లు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. అమ్మ సరిచేసింది.

పోలీసు స్టేషన్లో ఒక ఆఫీసరమ్మ మామూలు బట్టల్లో వచ్చి గుండీతో మాట్లాడింది. అమ్మ పక్కనే ఉంది. మర్నాడు లేడీ డాక్టరు చూసింది, ప్రతిదీ ముందు చెప్పి, ఒప్పుకున్నాకే చూసింది. ఇంట్లో గుండీని మళ్లీ మళ్లీ అడగొద్దని, అది చెప్పాలనుకుంటే మాత్రం వినమని ఆఫీసరమ్మ మాకు చెప్పింది. నన్నూ అడిగింది. నేను కొలతల చీటీ ఇచ్చాను. పొడుగుకీ నడుముకీ మధ్య ఎంతసేపు ఆగావు అంది. తెలీదన్నాను. అక్కడికి మాత్రం ఏడవకుండా చెప్పగలిగాను. పది రోజుల్లో ఇంకో బడి పిల్లలిద్దరు వాళ్ల ఇళ్లలో చెప్పారు. కేసు రెండేళ్లకి పైగా నడిచింది. ఆయనకి శిక్ష పడింది.

ఒక బడివాళ్లు తానులు వెనక్కి తీసుకున్నారు. జరిగింది మీ ఇంట్లోనే కదా అన్నారు. నాన్న, మీరన్నది నిజమే అని తనే మూటలు కట్టి రిక్షాలో ఎక్కించాడు. ఇంకో బడి పెద్ద టీచరు స్వయంగా వచ్చి, ఇకమీదట కొలతలు ఎలా తీస్తారని అడిగింది. అప్పటికి తెర లేదు. నాన్న కడ్డీ కూడా పీకేశాడు, గోడకి రెండు కన్నాలు మిగిలాయి. వీధిలోంచి కనిపించేలా తీస్తాం, పక్కన తల్లో తండ్రో ఉండాలి, టేపు ఒక కొస పిల్లలే పట్టుకోవాలి, ప్రతి కొలతకీ ముందు వాళ్లని అడుగుతాం అన్నాడు. వద్దంటే? అంది ఆవిడ. వద్దంటే పాత చొక్కా తెచ్చి ఇమ్మంటాం, దాన్నిబట్టి కోస్తాం అన్నాడు. ఆవిడ తన బడి పని మా దగ్గరే ఉంచింది. టేపుకి మొహమాటం లేదనే మాట మాత్రం మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

గుండీ ఇవేవీ పట్టించుకోలేదు. దాని భయమంతా ఒక్కటే. పొద్దున లేవగానే వచ్చి వీధి తలుపు తీసి ఉందో లేదో చూసేది. నాన్న ఇరవై పొరలకి బదులు ఆరు పొరలే పరిచి కోసేవాడు. మాస్టరు వెళ్లిన నాలుగో రోజు దాన్ని పిలిచి బల్ల పక్కన స్టూలు మీద నిలబడమన్నాడు. కత్తెర నడిపి, కోసిన ముక్క దాని ముందు పరిచాడు.

"చెప్పు తల్లీ. నాకు కటింగ్ వచ్చా, రాదా?"

గుండీ వంగి అంచు మీద వేలు పెట్టి చూసింది.

"ఇక్కడ వంకర వచ్చింది," అంది.

"అది కుట్టులో పోతుంది."

"అయితే వచ్చు," అంది. దిగుతూ ఆగి, "కొట్టు మూసేస్తావా?" అని అడిగింది.

"నువ్వు వెయ్యి మాటలు చెప్పినా మూయను. ఏం చెప్పినా మూయను," అన్నాడు నాన్న. తర్వాత చాలాసేపు మా వైపు తిరగకుండా గుడ్డ సర్దాడు. అప్పటికే సర్ది ఉంది అది.

నా సంగతి మిగిలింది. ఒక మధ్యాహ్నం నేనూ బల్ల కిందకి వెళ్లి దానితో పాటు బటన్లు ఏరుతూ, ఆ రోజు నీ వేళ్లు విడదీసింది నేనే అన్నాను. తప్పు చేశానన్నాను. అది నాకేసి చూడలేదు.

"తెర కింద నీ కాళ్లు కనిపించాయక్కా. పిలుద్దామనుకున్నా. గొంతు రాలేదు."

"పిలిస్తే వచ్చేదాన్ని."

"వస్తావని నాకెలా తెలుస్తుంది?"



మర్నాడు పొద్దున పెరట్లోంచి అక్కా అని కేక వినిపించింది. సూది పడేసి పరిగెత్తాను. గుండీ నీళ్ల తొట్టి దగ్గర నిలబడి ఉంది. ఏంటే అన్నాను. ఊరికే అంది. అరగంటకి వంటింట్లోంచి పిలిచింది. వెళ్లాను. ఊరికే. బల్ల కింద నుంచి, స్నానాల గదిలోంచి, మేడ మెట్ల మీద నుంచి. ఆ రోజు పద్దెనిమిది సార్లు పిలిచింది. సాయంత్రం నేను అమ్మ దగ్గరికి వెళ్లి, కాజాలు సగం కూడా కాలేదన్నాను. కాజాలు నేను కుట్టుకుంటాను, అది పిలిస్తే చేతిలో ఉన్నది వదిలేసి వెళ్లు, విసుక్కోకుండా వెళ్లు అంది అమ్మ. నాయనమ్మ, దీని కాళ్లకి మిషను బిగించండి, తొక్కే పని తప్పుతుంది అంది. చాలా రోజుల తర్వాత ఇంట్లో నవ్వు వినిపించింది.

ఒకసారి తలంతా సబ్బు నురుగుతో వెళ్లాను. అది నన్ను పైనుంచి కిందదాకా చూసి, ఊరికే అంది, కానీ నవ్వు ఆపుకోలేకపోయింది. ఒకసారి ఆలస్యమైంది. సూది వేలిలో దిగింది. వెళ్లేసరికి గుండీ గోడకి అంటుకుని నిలబడి ఉంది, పెదాలు కదులుతున్నాయి గానీ మాట లేదు. రక్తం కారుతున్న వేలు చూపించాను. అది చాలాసేపు వేలు చూసింది. సరే, ఈసారికి వదిలేస్తున్నా అంది. ఆ రోజు ఇంకో తొమ్మిది సార్లు పిలిచింది.

తర్వాత రోజుకి పది అయ్యాయి. తర్వాత నాలుగో అయిదో. పైన వేసుకునే రెండో గౌను ఒకరోజు దండెం మీదే ఉండిపోయింది. ఎవరమూ దాని గురించి మాట్లాడలేదు. పక్క తడపడం ఆగి మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగింది. అమ్మ దాని యూనిఫారం టేపు లేకుండానే కోసింది. పాత గౌను బల్ల మీద పరిచి, చుట్టూ రెండంగుళాలు పెంచి గీత గీసింది. గుండీ పక్కనే నిలబడి, ఇటు ఇంకొంచెం అని చెప్పింది.

బడులు తెరిచిన రోజుకి ఇంకా ముప్పై జతలు మిగిలిపోయాయి. నాన్న ఆ పొద్దున్నే కొన్ని ఇళ్లకి వెళ్లి రెండు రోజులు గడువు అడిగొచ్చాడు. నేను లోపల జడ వేసుకుంటున్నాను. పక్క గదిలోంచి అక్కా అని వినిపించింది. జడ సగంలో వదిలేసి వెళ్లాను.

గుండీ కొత్త గౌనులో నిలబడి ఉంది. ఊరికే అంటుందని చూశాను. అది అనలేదు. వెనక్కి తిరిగి నాకు వీపు పెట్టింది. గౌను వెనక మూడు హుక్కులు తెరిచి ఉన్నాయి.

"అందడం లేదు," అంది.

"పెట్టనా?"

"మరెందుకు పిలిచాను? తొందరగా పెట్టు, మొదటి గంట కొట్టేస్తారు."

నేను పెట్టాను. మూడూ పెట్టాను. అది కదలకుండా నిలబడింది.